చల్లదనం ఎవరి సొత్తు? – ఒక కాఫీ పళ్లెం చెప్పే చరిత్ర

మే నెల వచ్చిందంటే ఢిల్లీ రాజకీయాల వేడి గురించి రాయడం మా వృత్తికి అలవాటు. ఈసారి చల్లదనం గురించి రాయదలచాను. అదీ రాజకీయమే.

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, చరోదా రైల్వే యార్డు పక్కన ఉన్న పట్టణం భిలాయి-3. ఉక్కు కర్మాగారం కోసం, రైల్వే కోసం కోస్తా జిల్లాల నుండి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఆ ఇళ్లలో ఇత్తడి ఫిల్టరు ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది. ఇటలీకి దక్షిణాన సిసిలీ ద్వీపవాసులు వేసవి ఉదయాలలో అల్పాహారంగా తినే కాఫీ ‘గ్రానితా’కు ఇంతకంటే పరికరాలు అక్కరలేదు.

పద్ధతి సులువు. చికోరీ లేని పొడితో తీసిన డికాషన్‌ను తాగే చిక్కదనానికి కొంచెం పైన ఉండేటట్లు నీటితో కలిపి అరలీటరు చేసుకోవాలి. వేడిగా ఉండగానే వంద గ్రాముల పంచదార కరిగించి, చల్లారిన తరువాత వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. అంచులు గడ్డకట్టడం మొదలైనప్పటి నుండి అరగంటకొకసారి ఫోర్కుతో గీరి కలుపుతూ ఉంటే, మూడు నాలుగు గంటలలో అది రవ్వలాగా పొడిపొడిగా తయారవుతుంది. పంచదార తగ్గించకూడదు. నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించి, పళ్లెం మొత్తం ఒకే రాయి కాకుండా కాపాడేది అదే. పైన చిలికిన మీగడ వేస్తే మెస్సీనా నగరపు పద్ధతి.

ఇంత సులువైన వంటకానికి వెనుక ఉన్న చరిత్ర మాత్రం సులువైనది కాదు. సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం మీద శీతకాలంలో కురిసిన మంచును కూలీలు గుహలలో, గోతులలో దట్టించి, బూడిదతో, ఆకులతో కప్పి వేసవిదాకా నిలిపేవారు. వారిని ‘నెవరోలి’ అనేవారు. ఎట్నా మంచు మీద హక్కు చాలాకాలం కటానియా బిషప్‌ చేతిలో ఉండేది. అక్కడి మంచు ఓడలలో మాల్టా ద్వీపానికి కూడా వెళ్లేది. ఆకాశం ఉచితంగా ఇచ్చిన మంచుకు నేలమీద యజమాని పుట్టాడు. మోసినవాడికి కూలి, అమ్మినవాడికి లాభం.

మన దేశంలోనూ ఇదే కథ. అక్బరు వంటశాలలో సురేకారం కలిపిన నీటితో తాగునీటిని చల్లబరిచేవారని ‘ఐన్-ఇ-అక్బరీ’ చెబుతున్నది. కొలువు పంజాబుకు తరలిన తరువాత, అంటే 1586 ప్రాంతం నుండి, కొండల మంచును పడవల మీద, గుర్రాల మీద, మనుషుల తలల మీద లాహోరుకు చేర్చేవారు. ప్రభువర్గానికి ఏడాది పొడుగునా మంచు అందేది.

తరువాత కంపెనీ పాలన వచ్చింది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుడు అమెరికా చెరువుల మంచుగడ్డలను రంపపుపొట్టులో చుట్టి ‘టస్కనీ’ అనే ఓడలో కలకత్తాకు పంపాడు. నాలుగు నెలల ప్రయాణంలో కొంత కరిగినా మిగిలినదానికి గొప్ప స్వాగతం దొరికింది. సుంకం లేకుండా దించుకోవడానికి కంపెనీ అధికారులు అనుమతించారు. మన చేనేతను పన్నులతో కుంగదీసిన ప్రభుత్వం దొరల గ్లాసులోని మంచుకు ఇచ్చిన రాయితీ ఇది. 1842లో మద్రాసు సముద్రతీరాన ట్యూడర్ కట్టించిన మంచు గిడ్డంగి ఇప్పటికీ నిలిచి ఉన్నది. 1897లో స్వామి వివేకానంద బస చేసినందున ఇప్పుడు అది ఆయన పేరు మీద ఉన్నది. ఆ పేట పేరు మాత్రం నేటికీ ‘ఐస్‌హౌస్’.

కాఫీది మరొక దారి. 1942 నాటి చట్టంతో ఏర్పడిన కాఫీ బోర్డు రైతుల పంటను ఉమ్మడిగా సేకరించి అమ్మేది. కాఫీ హౌసులూ నడిపేది. 1950లలో బోర్డు ఆ హౌసులను మూసివేయ సంకల్పించినప్పుడు, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె.గోపాలన్ ప్రోత్సాహంతో కార్మికులు సహకార సంఘాలుగా ఏర్పడి 1957 నుండి వాటిని తామే నడపసాగారు. ఉద్యోగం పోవలసిన వడ్డనవాడు యజమాని అయ్యాడు. ఆ సంఘాలలో జబల్‌పూర్ కేంద్రంగా ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లోనూ విస్తరించింది. భిలాయి వాసులకు ఇండియన్ కాఫీ హౌస్ పరిచయమైనది అలాగే.

భిలాయి కర్మాగారమూ ఆ దశాబ్దపు సంతానమే. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. కర్మాగారంతోపాటు క్వార్టర్లు, పాఠశాలలు, ఆసుపత్రి, నిలకడైన విద్యుత్తు వచ్చాయి. కొలిమి ముందు ఎనిమిది గంటలు నిలబడిన మనిషి ఇంటికి వచ్చి చల్లని నీరు తాగగలగడం ఆ ప్రభుత్వ రంగ విధానపు ఫలితం. ఒకనాడు అక్బరు కొలువుకు పరిమితమైన వసతి కార్మికుని వంటింటిలోకి వచ్చింది.

అయితే అందరి వంటింటిలోకీ రాలేదు. పర్మనెంటు ఉద్యోగికి క్వార్టరు, కాంట్రాక్టు కూలీకి రేకుల గుడిసె – ఈ తేడాను ప్రశ్నించినవాడు శంకర్ గుహా నియోగి. దల్లీ-రాజహరా గనుల కూలీలను సంఘటితపరచి, వారి శ్రమతోనే ఆసుపత్రి కట్టించిన ఆ నాయకుడు భిలాయి ప్రైవేటు పరిశ్రమల కాంట్రాక్టు కార్మికుల పక్షాన పోరాడుతూ, 1991 సెప్టెంబరు 28న తన ఇంటిలో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యాడు. దేశం సరళీకరణ బాట పట్టి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. కాఫీ బోర్డు ఉమ్మడి సేకరణ కూడా ఆ దశాబ్దంలోనే ముగిసిపోయింది.

ఈ పళ్లెంలోకి అరకు కాఫీ తెచ్చుకుంటే కథ మరొక మలుపు తిరుగుతుంది. తూర్పు కనుమల గిరిజన రైతులు నీడచెట్ల కింద పండించే ఆ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కాఫీ తోటల మధ్య నుండి వెళ్లే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీదనే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖపట్నానికి దిగుతుంది. ఒకే రైలుమార్గం వెంట కొండకు ఇటు గిరిజనుడి కాఫీ, అటు గిరిజనుడి ఇనుము. గుర్తింపు దక్కిన పంటకు ధర ఎవరు నిర్ణయిస్తున్నారన్నది ఎట్నా కూలీల కాలం నాటి ప్రశ్నే.

2015 మే నెలలో వేడిగాలులకు రెండు తెలుగు రాష్ట్రాలలో రెండువేలమందికి పైగా మరణించారు. వారిలో అధికులు ఎండలో పనిచేయక తప్పనివారు, వృద్ధులు, నిరుపేదలు. నీడ, చల్లని నీరు, మధ్యాహ్నపు విరామం చట్టబద్ధమైన హక్కులుగా ఉండి ఉంటే వారిలో ఎందరో బ్రతికేవారు. మన పార్టీలు ఎన్నికల ప్రణాళికలలో ఉచిత విద్యుత్తు గురించి పోటీపడతాయి. ఎండలో రాళ్లు కొట్టేవాడి పని గంటల గురించి ఏ పార్టీ ఎంత రాసిందో పాఠకులు ఈసారి ప్రణాళికలు తిరగేసి చూడవచ్చు.

గ్రానితా తప్పక చేసుకోండి. మంచి వంటకం. అరగంటకొకసారి ఫ్రీజరు తెరచి గీరవలసి ఉంటుంది. ఆ మధ్యాహ్నం మీ వీధిలో ఎండన పడి పనిచేస్తున్నవారికి కూడా ఒక గిన్నె మిగిలేటట్లు కొలత పెంచుకోండి.