దివ్యాంగులకు ఆరుబయట విహారం - చట్టం కల్పించిన హక్కు
(ప్రత్యేక వ్యాసం)

ఉద్యానవనాలు, సముద్రతీరాలు, క్రీడాస్థలాలు, సాహస శిబిరాలు తదితర విహార స్థలాలను ఇతరులతో సమానంగా వినియోగించుకునే హక్కు దివ్యాంగులకు ఉంది. ఈ హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం స్పష్టంగా గుర్తించింది. విహారాన్ని విలాసంగా పరిగణించి, వైద్యం, విద్య, ఉపాధి తరువాతనే దాని గురించి ఆలోచించే ధోరణికి ఈ చట్టంలో తావు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉండగా, వారిలో 22.66 లక్షల మంది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు.

చట్టం ఏమి చెబుతోంది

దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబర్ 13న ఆమోదించిన ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. సాంస్కృతిక జీవనం, వినోదం, విరామం, క్రీడలలో దివ్యాంగుల భాగస్వామ్యాన్ని ఒడంబడికలోని 30వ అధికరణం హక్కుగా పేర్కొంది. ఆటలలో ఇతర పిల్లలతో సమానంగా పాల్గొనే అవకాశం దివ్యాంగ బాలబాలికలకు ఉండాలని కూడా అందులో ఉంది.

ఈ ఒడంబడికకు అనుగుణంగా రూపొందిన 2016 నాటి చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, కొత్త చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. వినోద కేంద్రాలను ప్రోత్సహించడం, స్కౌటింగ్, ఆరుబయట శిబిరాలు, సాహస కార్యక్రమాలలో దివ్యాంగులు పాల్గొనేలా చూడడం వంటి చర్యలను 29వ సెక్షన్ పేర్కొంది. క్రీడలకు సంబంధించిన బాధ్యతలను 30వ సెక్షన్ నిర్దేశించింది. విరామ, వినోద కార్యకలాపాలకు వినియోగించే భవనాలు కూడా ప్రజా భవనాల నిర్వచనం పరిధిలోకి వస్తాయి. అప్పటికే ఉన్న ప్రజా భవనాలను నిబంధనలు వెలువడిన అయిదేళ్ల లోపు అందరికీ అందుబాటులోకి తేవాలని 45వ సెక్షన్ ఆదేశించింది. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడినందున ఆ గడువు 2022 జూన్‌తో ముగిసింది.

సుప్రీంకోర్టు తీర్పు

రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న కీలకమైన తీర్పు వెలువరించింది. అందుబాటు ప్రమాణాలను చట్టం తప్పనిసరి చేయగా, నిబంధనలలోని 15వ నియమం వాటిని కేవలం సిఫారసుల స్థాయికి తగ్గించిందని, ఇది చట్టానికి విరుద్ధమని పేర్కొంది. ఎటువంటి మినహాయింపు లేకుండా పాటించవలసిన కనీస ప్రమాణాలను విడిగా రూపొందించాలని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ వ్యాజ్యంలో న్యాయస్థానానికి నివేదిక సమర్పించిన సంస్థ హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం కావడం విశేషం.

మెరీనా తీరం అనుభవం

చక్రాల కుర్చీలో ఉన్నవారికి సముద్రం కనిపిస్తున్నా చేరువ కాదు. కుర్చీ సన్నని చక్రాలు ఇసుకలో కూరుకుపోవడమే దీనికి కారణం. చెన్నై మెరీనా తీరంలో గతంలో దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబర్ 3 ముందువెనుకల కొద్ది రోజులపాటు తాత్కాలిక బాట వేసేవారు. శాశ్వత మార్గం కావాలన్న దివ్యాంగుల చిరకాల కోరిక 2022 నవంబర్ 27న నెరవేరింది. వివేకానంద ఇల్లం సమీపం నుంచి అలల చేరువ వరకు 263 మీటర్ల పొడవున నిర్మించిన చెక్క బాట ఆ రోజున ప్రారంభమైంది.

అయితే రెండు వారాలు తిరగకముందే, డిసెంబర్ 9 రాత్రి తీరం దాటిన మాండౌస్ తుపాను ధాటికి ఈ బాటలో సముద్రం వైపు భాగం దెబ్బతింది. తరువాత మరమ్మతులు చేసి తిరిగి వినియోగంలోకి తెచ్చారు. నిర్మాణ వ్యయంతో పాటు నిర్వహణ వ్యయాన్ని కూడా అంచనాలలో చేర్చవలసిన అవసరాన్ని ఈ అనుభవం తెలియజేస్తోంది. తుపానుల తాకిడికి గురయ్యే కోస్తా జిల్లాలకు ఇది మరింతగా వర్తిస్తుంది.

ఒక్క ర్యాంపుతో సరిపోదు

విహార స్థలానికి చేరడం మొదలు తిరిగి ఇల్లు చేరే వరకు అన్ని సదుపాయాలూ ఒక గొలుసు వంటివి. ఉద్యానవనంలో చక్కని బాట ఉన్నా, ద్విచక్ర వాహనాలను అడ్డుకునేందుకు ద్వారం వద్ద పాతిన ఇనుప స్తంభాలు చక్రాల కుర్చీనీ ఆపివేస్తాయి. వినియోగించుకోదగిన మరుగుదొడ్డి లేకపోతే కుటుంబం గంటలోపే వెనుదిరుగుతుంది.

అవసరాలు కూడా అందరికీ ఒకటి కావు. చక్రాల కుర్చీకి గట్టి నేల, ఒక అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవున్న ర్యాంపు కావాలి. అంధులకు పాదాలకు తెలిసే గరుకు పలకలు, బ్రెయిలీ ఫలకాలు, బధిరులకు రాతపూర్వక సూచనలు, సంజ్ఞా భాష తెలిసిన సిబ్బంది అవసరం. ఆటిజం ఉన్న పిల్లలకు రద్దీ, శబ్దం లేని ఒక మూల ఎంతో ఊరటనిస్తుంది. ఇసుకలో దిగబడని వెడల్పాటి గాలి చక్రాల కుర్చీలు, ఇద్దరు కలిసి తొక్కే సైకిళ్లు వంటి పరికరాలు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి.

సాహసంలోనూ సమానత్వం

అంధుడైన ఎరిక్ వైహెన్‌మేయర్ 2001లో, ప్రమాదంలో కాలు కోల్పోయిన అరుణిమా సిన్హా 2013లో ఎవరెస్ట్ శిఖరాన్ని అధిరోహించారు. 2021 సెప్టెంబర్‌లో ఎనిమిది మంది దివ్యాంగుల బృందం సియాచిన్ హిమానీనదంపై 15,632 అడుగుల ఎత్తున ఉన్న కుమార్ పోస్టును చేరుకుంది. తగిన శిక్షణ, పరికరాలు, తోడ్పాటు లభిస్తే వైకల్యం అవరోధం కాదని ఈ విజయాలు చాటుతున్నాయి. అయితే అధిక సంఖ్యాకులు కోరుకునేది శిఖరారోహణ కాదు. కుటుంబంతో కలిసి ఒక సాయంత్రం, ఎవరూ ఎత్తుకొని తీసుకువెళ్లవలసిన అవసరం లేకుండా గడపడమే వారి కోరిక.

కొత్త ఉద్యానవనాలు, తీర ప్రాంత సుందరీకరణ పథకాల అంచనాలు రూపొందించే దశలోనే దివ్యాంగులను సంప్రదించడం అవసరం. కట్టిన తరువాత మార్పులు చేయడం కంటే ముందుగానే ఏర్పాటు చేయడం తక్కువ ఖర్చుతో కూడుకున్న పని. ఈ సదుపాయాలు వృద్ధులకు, గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు కూడా సమానంగా ఉపకరిస్తాయి.