కెర్నెల్ గుట్టు ఫైళ్ళకెక్కిన వైనం

లినక్స్ మీద నడిచే దాదాపు ప్రతి యంత్రంలోనూ /సిస్ అనే డైరెక్టరీ ఒకటి ఉంటుంది. అందులో వేల ఫైళ్ళు కనిపిస్తాయి గానీ వాటిలో ఒక్కటీ డిస్కు మీద ఉండదు. యంత్రాన్ని ఆపితే అన్నీ మాయమవుతాయి, మళ్ళీ పెడితే మళ్ళీ పుట్టుకొస్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ తన అధీనంలోని పరికరాలు, డ్రైవర్లు, మాడ్యూళ్ళ వివరాలను బయటి ప్రోగ్రాములకు చూపడానికి, వాటిలో కొన్నిటిని బయటి నుంచే మార్చనివ్వడానికి చేసుకున్న ఏర్పాటు ఇది. దీని పేరు సిస్‌ఎఫ్‌ఎస్. 2003 డిసెంబరు 17న వెలువడిన లినక్స్ 2.6.0తో ఇది సాధారణ వినియోగంలోకి వచ్చింది. అంతకుముందు రెండేళ్ళ పాటు ప్రయోగదశలోని 2.5 వరుసలో రూపుదిద్దుకుంది.

దీన్ని చూడటానికి పెద్ద సర్వర్ల దాకా పోనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలే. బనగానపల్లె మామిడి తోటల్లో కాయ కోతకొచ్చే రోజుల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. బేరాలు, లారీల కబుర్లు, డబ్బు చెల్లింపులు అన్నీ ఫోన్లోనే సాగుతాయి కాబట్టి దానికి తీరిక ఉండదు, ఒళ్ళంతా కాలిపోతుంటుంది. ఆ ఫోన్ తెర పైమూలన కనిపించే చార్జింగ్ శాతం చాలా ఫోన్లలో /సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాటరీ అన్న డైరెక్టరీ నుంచి వస్తుంది. అక్కడ ‘కెపాసిటీ’ ఫైలు తెరిస్తే 64 అని ఒకే ఒక అంకె ఉంటుంది. పక్కనున్న ‘టెంప్’ ఫైలులో 412 అని ఉంటే బ్యాటరీ వేడి 41.2 డిగ్రీలన్న మాట, అక్కడి లెక్క పదో వంతుల్లో. అదే ఫోన్లో ఉష్ణోగ్రతల కోసమే ఉన్న ‘థర్మల్’ విభాగంలోకి వెళితే అంతే వేడి 41200గా కనిపిస్తుంది, అక్కడి లెక్క వెయ్యో వంతుల్లో. రెండు విభాగాలను వేర్వేరు బృందాలు వేర్వేరు కాలాల్లో కట్టుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది. ఒకసారి బయటపెట్టాక మార్చే వీలు లేక అలాగే నిలిచిపోయింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబ్‌లలోనూ ఇదే కెర్నెల్, ఇదే పద్ధతి. కొత్త ఆండ్రాయిడ్‌లో మామూలు యాప్‌లు ఈ ఫైళ్ళను నేరుగా తెరవలేవు. బ్యాటరీ సంగతి చూసే సిస్టమ్ సర్వీసు ఒకటి వీటిని చదివి, అడిగిన యాప్‌కు ఆ అంకెను అందిస్తుంది.

కెర్నెల్ వాడే మెమరీలోకి బయటి ప్రోగ్రాము తొంగిచూడటానికి ప్రాసెసరే ఒప్పుకోదు. ఆ అడ్డుగోడ లేకపోతే ఒక ప్రోగ్రాములోని తప్పు యంత్రం మొత్తాన్ని కూలుస్తుంది. కాబట్టి ఏ వివరం కావాలన్నా కెర్నెల్‌ను అడిగి తీసుకోవాల్సిందే. అడగడానికి యూనిక్స్ తొలినాళ్ళ నుంచీ ఉన్న దారి సిస్టమ్ కాల్స్. కొత్త పరికరం వచ్చినప్పుడల్లా కొత్త సిస్టమ్ కాల్ చేర్చలేరు కనుక ‘ఐఆక్టల్’ అనే పిలుపులో అంకెల సంకేతాలు పెట్టి పని నడిపించారు. ఏ అంకెకు ఏ అర్థమో ఆ డ్రైవరు రాసినవారికీ, దాని పుస్తకం దగ్గరున్నవారికీ తప్ప మూడోవారికి తెలిసేది కాదు.

1984లో బెల్ ల్యాబ్స్‌లో టామ్ కిలియన్ మరో దారి చూపారు. యూనిక్స్ ఎనిమిదో ఎడిషన్ కోసం ఆయన తెచ్చిన /ప్రాక్ డైరెక్టరీలో నడుస్తున్న ప్రతి ప్రాసెస్ ఒక ఫైలుగా కనిపించేది. దాన్ని తెరిచి చదివితే ఆ ప్రాసెస్ మెమరీనే చదివినట్టు. తప్పులు వెతికే డీబగ్గర్ ప్రోగ్రాములకు ఇది వరమైంది. తర్వాత అదే సంస్థలో పుట్టిన ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ ఈ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్ళి, నెట్‌వర్కును, తెర మీది కిటికీలను కూడా ఫైళ్ళుగానే చూపింది. లినక్స్ పుట్టిన మరుసటి ఏడాదే, 1992లో, /ప్రాక్ అందులోకి వచ్చింది.

ఇబ్బంది అక్కడే మొదలైంది. ప్రాసెస్‌ల కోసం కట్టిన ఇంట్లోకి లినక్స్ డ్రైవర్లన్నీ వచ్చి చేరాయి. ప్రాసెసర్ వివరాలు, మెమరీ లెక్కలు, డిస్కులు, ధ్వని కార్డులు, ఎవరికి ఏది చూపాలనిపిస్తే అది ఒక ఫైలుగా పెట్టేశారు. ఏ ఫైలు ఎలా ఉండాలో నియమమేదీ లేదు. ‘సీపీయూఇన్ఫో’ ఫైలునే తీసుకుంటే, ఇంటెల్ యంత్రంలో ఒక తీరు, ఆర్మ్ యంత్రంలో ఇంకో తీరు. మనిషి చదువుకోవడానికి అందంగా అమర్చిన పట్టికలను ప్రోగ్రాములు గళ్ళు లెక్కపెట్టుకుంటూ చదవాల్సి వచ్చేది. ఎవరైనా మధ్యలో ఒక గడి చేరిస్తే ఎక్కడో ఇంకో ప్రోగ్రాము తప్పు అంకె చదివేది. కెర్నెల్ రాసేవారిలో /ప్రాక్ మీద విసుగు పెరగడానికి ఇదే ముఖ్య కారణం.

సిస్‌ఎఫ్‌ఎస్ మాత్రం ఈ విసుగులోంచి నేరుగా పుట్టలేదు, ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చే పనిలోంచి పుట్టింది. యంత్రం నిద్రలోకి పోవాలంటే పరికరాలను వరసగా ఆపాలి. యూఎస్‌బీ కంట్రోలరుకు తగిలించిన కీబోర్డు ముందు ఆగాలి, తర్వాత కంట్రోలరు, ఆ తర్వాతే అది కూర్చున్న బస్. లేచేటప్పుడు ఇదంతా తలకిందులు. ఏది దేనికి తగులుకుని ఉందో తెలిసిన పూర్తి వంశవృక్షం 2001 నాటి లినక్స్‌లో ఎక్కడా లేదు. పీసీఐ విభాగానికి తన లెక్క, యూఎస్‌బీకి తన లెక్క, అంతే. కెర్నెల్ డెవలపర్ ప్యాట్రిక్ మోచెల్ ఈ చెట్టును కట్టడానికి పూనుకున్నారు. కట్టిన చెట్టు సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మొదట /ప్రాక్‌లోనే దాన్ని చూపారు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అందుకు ఒప్పుకోలేదు, వేరే ఫైల్ సిస్టమే కావాలని గట్టిగా పట్టుబట్టారు. అప్పుడు మోచెల్, మెమరీలోనే బతికే ‘ర్యామ్‌ఎఫ్‌ఎస్’ను ఆధారం చేసుకుని కొత్తది రాశారు. మొదట దాని పేరు డీడీఎఫ్‌ఎస్. 2.5.1 ప్రాంతంలో కెర్నెల్‌లో చేరేనాటికి డ్రైవర్‌ఎఫ్‌ఎస్ అయింది. డ్రైవర్లకే కాక తక్కిన విభాగాలకూ పనికొస్తుందని తేలాక సిస్‌ఎఫ్‌ఎస్ అన్న పేరు స్థిరపడింది. తప్పులు పట్టుకోవడానికి తాత్కాలికంగా వేసుకున్న నిచ్చెన ఇంటికి శాశ్వతమైన మెట్లయిందంటే అతిశయోక్తి కాదు.

ఈ నిర్మాణానికి మూలం ‘కేఆబ్జెక్ట్’ అనే చిన్న డేటా నిర్మాణం. దానికొక పేరు, తల్లి ఎవరో చెప్పే గుర్తు, ప్రస్తుతం ఎందరు వాడుకుంటున్నారో చెప్పే లెక్క ఉంటాయి. ప్రతి కేఆబ్జెక్ట్ ఒక డైరెక్టరీ అవుతుంది, దాని ఆట్రిబ్యూట్లు ఆ డైరెక్టరీలో ఫైళ్ళవుతాయి, రెండు వస్తువుల మధ్య సంబంధం సింబాలిక్ లింకు అవుతుంది. /సిస్/క్లాస్/నెట్ లోపల నెట్‌వర్క్ కార్డుల పేర్లున్నా, అవి నిజానికి లింకులే. పట్టుకుని పోతే /సిస్/డివైసెస్ కింద ఆ కార్డు ఏ పీసీఐ బస్ మీద, ఏ గాడిలో కూర్చుందో ఆ చోటికి చేరుస్తాయి. మోచెల్ కట్టిన వంశవృక్షం అక్కడ కొమ్మలతో సహా కనిపిస్తుంది.

/ప్రాక్ నేర్పిన పాఠంతో ఒక నియమం పెట్టుకున్నారు: ఒక ఫైలులో ఒకే విలువ, అదీ మామూలు అక్షరాల్లో. పట్టికలు వద్దు, శీర్షికలు వద్దు. ఈ నియమానికి మినహాయింపులు లేకపోలేదు. డిస్కు షెడ్యూలర్ ఫైలులో ఉన్న ఎంపికలన్నీ వరసగా రాసి, వాడుకలో ఉన్నదాని చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడతారు. అయినా మొత్తం మీద నియమం నిలబడింది. కెర్నెల్ చరిత్రలో ఇంత చిన్న మాట ఇంత మేలు చేసిన సందర్భాలు ఎక్కువ లేవు. షెల్ స్క్రిప్టు రాయడం అప్పుడే నేర్చుకుంటున్న విద్యార్థి కూడా ‘క్యాట్’ ఆదేశంతో హార్డ్‌వేర్ స్థితిని చదవగలుగుతున్నది దీనివల్లే.

మాడ్యూలు (కెర్నెల్‌కు విడిగా చేర్చే కోడ్) రాసేవారి వైపు నుంచి చూస్తే పని ఇంకా సులువు. పారామీటరును ప్రకటించేటప్పుడు పేరు, రకం, అనుమతి అంకె ఇస్తే చాలు, /సిస్/మాడ్యూల్ కింద ఆ మాడ్యూలు పేరుతో ఉన్న డైరెక్టరీలో ‘పారామీటర్స్’ లోపల ఫైలు దానంతటదే వెలుస్తుంది. అనుమతి 0444 అయితే అందరూ చదవొచ్చు, 0644 అయితే యంత్రం మీద పూర్తి అధికారం ఉన్న రూట్ యూజర్ మార్చనూ వచ్చు, సున్నా ఇస్తే ఫైలే కనిపించదు. ‘యూఎస్‌బీకోర్’ మాడ్యూలులో ‘ఆటోసస్పెండ్’ ఫైలు తెరిస్తే మామూలుగా 2 కనిపిస్తుంది. పని లేని యూఎస్‌బీ పరికరాన్ని రెండు సెకన్ల తర్వాత నిద్రపుచ్చొచ్చని దాని అర్థం. అక్కడ -1 రాస్తే, ఆ తర్వాత తగిలించే పరికరాలకు ఆ నిద్ర ఉండదు. యంత్రాన్ని ఆపక్కర్లేదు, కెర్నెల్‌ను మళ్ళీ కంపైల్ చేయక్కర్లేదు.

పారామీటరుతో సరిపోని చోట రచయిత రెండు ఫంక్షన్లు రాసుకుంటారు. ఫైలు చదివినప్పుడు ‘షో’, ఫైలులో రాసినప్పుడు ‘స్టోర్’ నడుస్తాయి. అంటే ఫైలులో ముందే రాసిపెట్టినదంటూ ఏమీ లేదు, చదివిన క్షణాన కెర్నెల్ జవాబు తయారుచేసి ఇస్తుంది. ‘షో’కు దొరికే చోటు ఒక్క మెమరీ పేజీ, చాలా యంత్రాల్లో 4096 బైట్లు. చాలాకాలం రచయితలు ఆ హద్దును స్వయంగా చూసుకోవాల్సి వచ్చేది. హద్దు దాటితే పక్క మెమరీ పాడవుతుంది. 2020లో 5.10 వెర్షన్లో చేరిన ‘సిస్‌ఎఫ్‌ఎస్_ఎమిట్’ ఫంక్షన్ ఆ కాపలా పనిని తన మీద వేసుకుంది. ‘స్టోర్’ వైపు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. బయటి నుంచి ఏ చెత్తయినా రావచ్చు కాబట్టి, వచ్చినదాన్ని పరీక్షించి, చెల్లకపోతే ఎర్రర్ తిప్పి పంపాలి.

ఈ ఏర్పాటు తొలి పెద్ద ఫలితం యూడెవ్ అనే ప్రోగ్రాము. అంతకుముందు /డెవ్ డైరెక్టరీలో యంత్రానికి లేని పరికరాల పేర్లు కూడా వందల కొద్దీ ఉండేవి. ఆ బెడద తీర్చడానికి రిచర్డ్ గూచ్ రాసిన డెవ్‌ఎఫ్‌ఎస్ పరికరాల పేర్లను కెర్నెల్ లోపలే నిర్ణయించేది, అది చాలామందికి నచ్చలేదు. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ పనిని కెర్నెల్ బయటికి తెచ్చారు. పెన్‌డ్రైవ్ గుచ్చగానే కెర్నెల్ కబురు పంపుతుంది, యూడెవ్ సిస్‌ఎఫ్‌ఎస్‌లోని ఆట్రిబ్యూట్లు చదివి, తన నియమాల ప్రకారం పేరు పెడుతుంది. 2006లో డెవ్‌ఎఫ్‌ఎస్‌ను పూర్తిగా తీసేశారు.

లోపాలు మొదట్లోనే బయటపడ్డాయి. తొలి సిస్‌ఎఫ్‌ఎస్ ప్రతి ఫైలుకూ కావలసిన నిర్మాణాలను ఎవరు తెరిచినా తెరవకున్నా మెమరీలో పట్టి ఉంచేది. వందల డిస్కులున్న సర్వర్లలో ఇది భారమైంది. బెంగళూరు ఐబీఎం ల్యాబ్‌లో పనిచేసిన మనీష్ సోనీ రాసిన మార్పులు 2004లో చేరాక, అవసరమైనప్పుడే ఆ నిర్మాణాలు తయారై, అక్కర తీరగానే ఖాళీ అయ్యే పద్ధతి వచ్చింది. రెండో లోపం ఇంకా ప్రమాదకరమైనది. ఒకరు ఫైలు తెరిచి ఉంచగా మరొకరు ఆ మాడ్యూలును తొలగిస్తే, ‘షో’ ఫంక్షన్ ఉన్న చోటే మెమరీలో లేకుండా పోతుంది, కెర్నెల్ కూలిపోతుంది. 2007లో తేజున్ హియో దీన్ని లోతుగా సరిచేశారు. పరికరం పోగానే ఫైలుతో సంబంధం తెగిపోతుంది, తర్వాత చదివినవారికి ఎర్రర్ వస్తుంది తప్ప యంత్రం కూలదు. ఆయనే 2014లో సిస్‌ఎఫ్‌ఎస్ మూలభాగాన్ని ‘కెర్న్‌ఎఫ్‌ఎస్’ పేరుతో విడదీశారు. కంటైనర్లకు ఆధారమైన సీగ్రూపులు కూడా ఇప్పుడు దాని మీదే నడుస్తున్నాయి.

ఫైలు బయటికి కనిపించిందంటే అది మాట ఇచ్చినట్టే. కెర్నెల్ మార్పు వల్ల జనం వాడే ప్రోగ్రాము ఆగిపోకూడదన్నది టోర్వాల్డ్స్ ఎన్నడూ సడలించని నియమం. డైరెక్టరీల అమరిక మారినప్పుడు పాత యూడెవ్‌తో చిక్కులొచ్చి, పాత అమరికనే చూపే ప్రత్యేక ఎంపికను కెర్నెల్ చాలా ఏళ్ళు మోయాల్సి వచ్చింది. 2006 నుంచి ఏ ఫైలు స్థిరమైనది, ఏది పరీక్షలో ఉంది, ఏది పోబోతోంది అన్నది కెర్నెల్ డాక్యుమెంటేషన్లో విడివిడిగా నమోదు చేస్తున్నారు. ఏ హామీ లేకుండా చూపదలచినవాటికి డీబగ్‌ఎఫ్‌ఎస్ అని వేరే చోటు ఉంది.

ఇప్పుడు సిస్‌ఎఫ్‌ఎస్‌లో కొత్త విభాగాలు కట్టినవారి పేర్లు చూస్తే తెలుగు పాఠకులకు పరాయివి కాని ఇంటిపేర్లు కనిపిస్తాయి. చిప్పుల్లో శాశ్వతంగా నిలిచే చిన్న మెమరీలను ఒకే తీరుగా చూపే ‘ఎన్‌విమెమ్’ వ్యవస్థ 2015లో 4.3 వెర్షన్లో చేరింది, దాని నిర్వాహకులు శ్రీనివాస్ కందగట్ల. విద్యుత్ వినియోగానికి హద్దు పెట్టే ‘పవర్‌క్యాప్’ విభాగాన్ని ఇంటెల్ ఇంజనీరు శ్రీనివాస్ పండ్రువాడ 2013లో అందించారు. అందులోని ‘ఎనర్జీ_యూజే’ ఫైలు, ప్రాసెసర్ ఖర్చు చేసిన శక్తిని మైక్రోజౌళ్ళలో చెబుతుంది. విద్యుత్ ఆదా మీద పరిశోధన చేసేవారికి ఆ అంకె ఎంతో ఉపయోగపడింది. ఎవరైనా చదవగలిగేలా దానికి 0444 అనుమతి ఉండేది.

2020 నవంబరులో ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం, జర్మనీలోని సీఐఎస్‌పీఏ వారితో కలిసి ప్లాటిపస్ అనే దాడిని ప్రకటించారు. ఆ ఒక్క ఫైలును వేగంగా మళ్ళీ మళ్ళీ చదువుతూ, శక్తి ఖర్చులోని చిన్న హెచ్చుతగ్గులను బట్టి ప్రాసెసర్ ఏ ఆదేశాలు నడుపుతోందో, దాడిదారులకు దొరకకుండా కెర్నెల్ మెమరీలో ఎక్కడ దాక్కుందో కనిపెట్టొచ్చని చూపారు. అందుకు రూట్ అధికారం అక్కర్లేదు. దాడి చేసింది కూడా ఏ తప్పూ లేని కోడ్ మీద. డ్రైవరు తాను చెప్పాల్సిందే చెప్పింది, నియమం ప్రకారమే చెప్పింది. ఎవరికి చెబుతోందన్న ప్రశ్న ఒక్కటే మిగిలిపోయింది. కెర్నెల్‌లో చేసిన సవరణ అనుమతి అంకెకు పరిమితం, 0444 కాస్తా 0400 అయింది. ఇంటెల్ విడిగా మైక్రోకోడ్‌నూ సవరించింది. అప్పటి నుంచి ఆ ఫైలును రూట్ మాత్రమే చదవగలదు, విద్యుత్ లెక్కలు చూసే పర్యవేక్షణ ప్రోగ్రాములకు సర్వర్ నిర్వాహకులు విడిగా అనుమతి ఇవ్వాల్సి వస్తోంది.