నీళ్ళ పద్దు

నెల మొదట్లో పద్దుపుస్తకం ముందేసుకుని పాలకెంత, కిరాణాకెంత, పిల్లల ఫీజులకెంత అని తీసివేతలు చేసే మనకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఉన్నదెంతో చూసుకోకుండా ఖర్చు రాసుకునే ఇల్లాలుంటుందా?

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ కట్టించిన చెరువు కథ అది. వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ పని! శాసనమన్నాక దాత పొగడ్తలు ఉండనే ఉంటాయి. నాకు నచ్చింది మాత్రం వేరే. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పి, పక్కనే ఆరు దోషాలు కూడా చెక్కించారు. అంగాల్లో జలశాస్త్రం తెలిసిన పండితుడొకడు. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం (నీటి తగాదాలు అప్పుడూ ఉన్నాయన్నమాట!). ఇంకొకటి, నీరు కొంచెమై తడపాల్సిన నేల ఎక్కువ కావడం.

ఆరువందల ఏళ్ళ తర్వాత సీమ రైతును ముంచింది సరిగ్గా ఈ దోషమే. చెరువైతే తగ్గేది కంటికి కనబడుతుంది. బోరులో ఏముందో ఎవరు చూశారు? పక్కవాడు రెండువందల అడుగులు వేస్తే మనం మూడువందలు! నీళ్ళు పడకపోతే ఇంట్లో బంగారం కుదువకు పోతుంది. ఎవరి బంగారమో చెప్పాలా?

ఆ కనబడని నీటికి లెక్క కట్టే పని కర్నూలు, కడపలతో సహా ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకు పైగా పల్లెల్లో, 2000 తర్వాతి దశాబ్దంలో జరిగింది. వెనకాల ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, నెదర్లాండ్స్ డబ్బు. లెక్క మాత్రం రైతులదే. ఊళ్ళో వానమాపకం పెట్టుకున్నారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు. డ్రమ్ము నిండటానికి ఎంతసేపు పట్టిందో గడియారం పట్టుకుని చూశారు. ఆ అంకెలన్నీ ఊరందరికీ కనబడేలా బోర్డుమీద రాశారు. కొలిచినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. అక్షరం రానివాళ్ళకు పనికొచ్చేలా బొమ్మలూ వాడారు.

రబీకి ముందు అంతా కూర్చునేవారు. కురిసిన వానలో భూమిలోకి ఇంకిందెంత, తాగడానికి తీయగా మిగిలేదెంత, వేయాలనుకున్న పైర్లు తాగేదెంత? తీసివేస్తే తరచు లోటే తేలేది. అయినా వరి వేయొద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క చూసుకుని ఎవరి నిర్ణయం వారు తీసుకున్నారు. చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పైర్లకు మళ్ళారు. జరిమానా లేకుండా ఇది జరగడం 2010లో ప్రపంచ బ్యాంకు దృష్టికి కూడా వచ్చింది.

పథకం ముగిశాక వెళ్ళి చూసిన పరిశోధకులు కొందరు, చాలాచోట్ల కొలతలు మందగించాయన్నారు. నాకు వింతగా తోచలేదు. సంస్థవాళ్ళు వెళ్ళిపోయాక పదిహేను రోజులకోసారి తాడు పట్టుకుని బోరు దగ్గరకు నడవాల్సిన మనిషికి జీతం లేదు. పాడైన పరికరం బాగుచేయించడానికి నిధీ లేదు.