బీజాన్ని కాచే ప్రొటీన్

పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండకపోతే మన పల్లెల్లో ముందుగా కోడలినే అనేవారు. ఆ నిందకు గట్టి జవాబు 1976లో ఇటలీలో దొరికింది. టీపోలో, జుఫార్డి అనే శాస్త్రజ్ఞులు 1,170 మంది మగవాళ్ల క్రోమోజోములను ఓపికగా పరీక్షించారు. ఆరుగురిలో వై క్రోమోజోమ్ చివర తెగిపోయి ఉంది. ఆ ఆరుగురి వీర్యంలోనూ శుక్రకణాలు లేవు!

తెగిన ముక్కతో పాటు పోయిన జన్యువేది? వెతుకులాట దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. 1993లో ఎడిన్‌బరో బృందం ఒక జన్యువును పట్టుకుంది. అదేనని అందరూ ఆశపడ్డారు. తీరా చూస్తే శుక్రకణాలు లేని చాలామందిలో అది చెక్కుచెదరకుండా ఉంది.

1995లో అమెరికాలో డేవిడ్ పేజ్ బృందం మళ్లీ మొదటినుంచి గాలించింది. శుక్రకణాలు లేని 89 మందిలో 12 మందికి వై క్రోమోజోమ్‌లో ఒకే చోట ఖాళీ కనిపించింది. ఆ చోట ఉండాల్సిన జన్యువుకు 'డాజ్' అని పేరు పెట్టారు. అది తయారుచేసే ప్రొటీన్ ఆర్ఎన్ఏను పట్టుకుంటుంది. జన్యువు పంపిన కబురు ఆర్ఎన్ఏ అయితే, ఆ కబురు ఎప్పుడు అమలు కావాలో చూసేది ఈ ప్రొటీన్.

తర్వాత తెలిసింది, డాజ్‌కు మూడో క్రోమోజోమ్‌పై 'డాజెల్' అనే పెద్దన్న ఉందని. ఆడా మగా ఇద్దరిలోనూ ఉండే జన్యువది. 1997లో ఎడిన్‌బరోలో దాన్ని తొలగించిన చిట్టెలుకల్లో ఆడవీ మగవీ రెండూ గొడ్డుపోయాయి.

మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 2003లో శుక్రకణాలు లేని 340 మంది భారతీయులను పరీక్షించిన ఫలితాలు ప్రకటించింది. 29 మందిలో వై ముక్కలు లోపించాయి. వారిలో ఎక్కువమందికి పోయింది డాజ్ ఉండే భాగమే. పోల్చి చూసిన 230 మంది ఆరోగ్యవంతుల్లో ఒక్కరికీ ఆ లోపం లేదు.

అసలు విశేషం 2019లో బయటపడింది. బీజకోశాన్ని చేరిన లేత కణానికి ఏ కణంగానైనా మారే శక్తి ఇంకా మిగిలే ఉంటుంది. ఆ శక్తిని అణచి, దాన్ని బీజకణంగా స్థిరపరిచేది డాజెల్ అని పేజ్ బృందం ఎలుకల్లో, పందుల్లో నిరూపించింది. డాజెల్ లేనప్పుడు బీజకోశాల్లో టెరటోమా అనే కణితులు వాటంతటవే పుట్టాయి.

సంతానం కలగకపోవడానికి కారణం వెతుకుతూ బయలుదేరినవారు కణితి మూలం దగ్గరికి చేరారు. కణం తానేమిటో తేల్చుకోవలసిన వేళ తోడుగా ఉండాల్సిన ప్రొటీన్ లేకపోతే, వంశమూ ఆగవచ్చు, కణితీ పెరగవచ్చు.