తీవ్ర ఉద్రేక స్థితి: దిగువ కృష్ణా డెల్టాలో అత్యవసర చికిత్స

పెద్దవారు అదుపు తప్పి అరవడం, కొట్టబోవడం, సెలైన్ సూది పీకేసుకోవడం, మంచం దిగి పారిపోబోవడం వంటి చేష్టలతో తమకూ ఎదుటివారికీ ప్రమాదం తెచ్చే స్థితిని తీవ్ర ఉద్రేక స్థితి అంటారు. ఇది లోపలి జబ్బుకు లక్షణం. కాబట్టి రోగిని శాంతపరుస్తూనే కారణం వెతకాలి.

కారణాలు

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వరి పండించే పల్లపు ప్రాంతాలు; ఇళ్లలో పురుగుమందు అందుబాటులో ఉంటుంది. అది తాగినవారికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మోతాదు మించితే ఒళ్లు కాలిపోతుంది, నోరు ఎండుతుంది, రోగి గాలిలో ఏదో పట్టుకోబోతాడు. ఉమ్మెత్త విషానికీ ఇవే లక్షణాలు. రోజూ మద్యం తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే రెండు నుంచి నాలుగు రోజుల్లో వణుకు, భ్రమలు రావచ్చు. వడదెబ్బ, చక్కెర పడిపోవడం, తలకు దెబ్బ, మెదడువాపు, ఆక్సిజన్ తగ్గడం, వృద్ధుల్లో సోడియం తగ్గడం, ఉన్మాదం, స్కిజోఫ్రీనియా ఇతర కారణాలు.

చికిత్స

గుమిగూడినవారిని పంపేసి, ఒక్కరే నెమ్మదిగా మాట్లాడాలి. వీలు చిక్కగానే చక్కెర, ఆక్సిజన్, జ్వరం, బీపీ చూడాలి. మాటలతో లొంగకపోతే కండరానికి ఇంజెక్షన్ ఇస్తారు. వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో మానసిక రోగులపై జరిపిన అధ్యయనాల్లో హలోపెరిడాల్, ప్రోమెథజైన్ కలిపి ఇస్తే లోరాజెపామ్ కన్నా త్వరగా పనిచేశాయని 2004లో, ఓలాంజపిన్ కన్నా మళ్లీ మందు ఇవ్వాల్సిన అవసరం తగ్గిందని 2007లో తేలింది. అయితే అట్రోపిన్, ఉమ్మెత్త కేసుల్లో ప్రోమెథజైన్ లక్షణాలను పెంచుతుంది. అక్కడ డయజెపామ్ వంటివి మేలు. మద్యం మానినవారికీ ఈ వర్గం మందులే, తోడుగా థయామిన్ ఇస్తారు. మత్తు ఇచ్చాక ఊపిరిని కనిపెట్టి ఉండాలి.

కట్టివేయడం, చట్టం

బోర్లా పడేసి వీపు మీద బరువు వేస్తే ఊపిరాడక ప్రాణం పోవచ్చు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఆసన్న ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే రోగిని కట్టాలి; ఆ సంగతి కేసు షీటులో రాయాలి. అత్యవసరంలో రిజిస్టరైన ఏ వైద్యుడైనా 72 గంటల వరకు చికిత్స చేయవచ్చు.

సదుపాయాలు

గుడివాడ, అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రుల్లో తొలి చికిత్స అందుతుంది. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. గాలి సోకిందని ఇంట్లో కట్టి ఉంచకుండా 108కు ఫోన్ చేయాలి. మానసిక సలహాకు టెలీ మానస్ నంబరు 14416.