వీపుమీది మచ్చ, ఇంటివారి చూపు

తన వీపును తాను చూచుకొనగల మనుష్యుడు లేడు. మెలనోమా యను చర్మపు క్యాన్సరు చరిత్రను పరిశీలించువారికి ఈ సామాన్య విషయమే పలుమారు లెదురగుచుండును. ఏలయన, తెల్లని మేనిఛాయగల జాతులలో ఈ వ్యాధి పురుషులకు తరచుగా మొండెముమీద, అందును వీపున, స్త్రీలకు తరచుగా కాళ్లమీద పుట్టును. చిరకాలముగా నున్న పుట్టుమచ్చ పెరిగినదనియు, దాని యంచు చెదరినదనియు, రంగు మారినదనియు మొట్టమొదట గుర్తించువారు పెక్కు సందర్భములలో వైద్యులు కారు, రోగి భార్యయో భర్తయో యగుదురు. అయినను ఆ చూపునకు వైద్యశాస్త్రములో నొక స్థానము లభించుటకు చాలకాలము పట్టినది. అంతకుముందు సహధర్మచారిణికిగాని భర్తకుగాని శాస్త్రము అప్పగించిన పని, తెలిసినదానిని దాచుట. ఆ దాచుట యెట్లేర్పడెనో, ఎట్లు సడలెనో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

వ్యాధి ప్రాచీనమైనదే. పెరూ దేశమున దొరకిన, సుమారు 2400 ఏండ్లనాటి మమ్మీల చర్మమునందును ఎముకలయందును దీని జాడలను పరిశోధకులు గుర్తించిరి. కాని దీనిని వేరొక వ్యాధిగా నెరుగుట యిటీవలి మాట. 1787లో లండను నగరమున సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటరు, 35 ఏండ్ల పురుషు నొకని దవడమూలమున, ఒకసారి కోసితీసిన పిదప మరల పెరిగిన గడ్డను తొలగించి, అది పుట్టగొడుగువలె పెరిగిన క్యాన్సరని తలంచి భద్రపరచెను. ఆ ఖండము ఆయన పేరిటి ప్రదర్శనశాలలో నిలిచియుండ, 1968లో దానిని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించినవారు అది మెలనోమాయే యని తేల్చిరి. 1804లో పారిస్ నగరమున, పిమ్మట స్టెతస్కోపును కల్పించి జగద్విఖ్యాతుడైన లేనెక్, ఈ నల్లని గడ్డలను ప్రత్యేక వ్యాధిగా వర్ణించి యుపన్యసించెను. 1806లో అది అచ్చుపడగా, ఆ కనుగొనిన ఘనత తనదేయని గురువగు డ్యుపుయిట్రెన్ వివాదమునకు దిగెను.

గురుశిష్యులు కీర్తికై కలహించుచుండ, ఇంగ్లండులోని స్టౌర్‌బ్రిడ్జి యను చిన్న పట్టణమున వైద్యము చేసికొనుచున్న విలియం నోరిస్ అంతకంటె ప్రయోజనకరమైన దొకటి గావించెను. 1820లో ఆయన ప్రకటించిన వృత్తాంతమున, 59 ఏండ్ల రోగి దేహముమీది గడ్డ పుట్టుమచ్చనుండి బయలుదేరెననియు, అతని తండ్రియు ఇట్టి వ్యాధిచేతనే మరణించెననియు, అతని బిడ్డల యొడలిమీదను మచ్చలు కలవనియు వ్రాయబడియున్నది. తండ్రి మరణమును బిడ్డల మచ్చలను శవపరీక్ష చెప్పజాలదు. ఆ జ్ఞానము ఇంటిలో పుట్టినది, ఇంటివారి నోటినుండియే రావలసినది. 1840లో శామ్యూల్ కూపరు, ముదిరిన మెలనోమాకు మందు లేదనియు, తొలిదశలోనే కోసివేయుట యొక్కటియే తరుణోపాయమనియు స్పష్టముగా చెప్పెను. తొలిదశను గుర్తింపవలె నన్నచో ఎవరో చూడవలెను గదా. ఆ చూచువా రెవరను ప్రశ్న మాత్రము నూరేండ్లకు పైబడి యెవరును వేయలేదు.

వేయకపోవుటకు కారణము ఆనాటి వైద్యనీతి. 1803లో మాంచెస్టరు వైద్యుడు థామస్ పెర్సివల్ రచించిన వైద్యధర్మ గ్రంథము, రోగికి నిరాశ గొలుపు మాటలు చెప్పుటకు వైద్యుడు తొందరపడరాదనియు, అపాయము నిజముగా సంభవించినపుడు ఆ సంగతి సకాలమున రోగి యాప్తులకు తెలుపవలెననియు, మిక్కిలి యవసరమైననే రోగికి చెప్పవలెననియు విధించినది. 1847లో అమెరికా వైద్యసంఘము తన నియమావళిని కూర్చుకొనునపుడు ఈ విధినే దాదాపుగా స్వీకరించెను. ఇందు కరుణ లేదని యనరాదు. మందు లేని రోగమునకు ఆశయే మందని నమ్మిన కాలమది. కాని ఆ కరుణభార మెవరి నెత్తిన బడెనో గమనింపవలసియున్నది. వైద్యుడు గడపదాటి వెడలిపోవును. నిజమును విన్న యాప్తుడు, అనగా పెక్కుపాళ్లు భార్యయో భర్తయో, ఆ నిజమును కొంగున ముడివేసికొని, నవ్వుముఖముతో మరల మంచమువద్దకు రావలసియుండెను. రోగి తనకు తెలియుచున్నదానిని అడుగలేక, తోడున్నవారు తమకు తెలిసినదానిని చెప్పలేక, ఒకే గదిలో ఇరువురును ఒంటరులగుటకు ఈ విధి దారితీసినది. 1961లో డోనల్డ్ ఓకెన్ చికాగోలో 219 మంది వైద్యుల నడిగి ప్రకటించిన పరిశోధనలో నూటికి సుమారు 90 మంది, క్యాన్సరు రోగికి ఆ మాట చెప్పకుండుటయే తమకు సమ్మతమనిరి. మన తెలుగునాట ఈ యాచార మింకను చెరగిపోలేదు. రాచపుండను పేరెత్తుటకే జంకిన పెద్దల వారసులమగు మనము, ఆసుపత్రి వరండాలో డాక్టరు నడ్డగించి, "ఆయనకు మాత్రము చెప్పకండి" యని చేతులు జోడించుట నేటికిని కానవచ్చు దృశ్యమే.

ఈ సంప్రదాయమునకు మెలనోమా యొడ్డిన సవాలు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునుండి వచ్చినది. బ్రిటిషు దీవుల మబ్బుపట్టిన యాకాశమునకు తగిన పాలిపోయిన చర్మము గలవారి సంతతి, ఉష్ణమండలపు టెండలోనికి వచ్చి, పొలములలోను సముద్రతీరములందును ఒడలు కాచుకొనిన ఫలితముగా, ఆ రాష్ట్రము ఈ వ్యాధికి ప్రపంచమున కెల్ల పుట్టిల్లయ్యెను. 1956లో హెచ్. ఓ. లాంకాస్టరు మరణసంఖ్యలను అక్షాంశములతో పోల్చి, ఐరోపా సంతతివారు భూమధ్యరేఖకు చేరువైనకొలది మెలనోమా మరణములు హెచ్చుచున్నవని నిరూపించెను. 1963లో బ్రిస్బేను శస్త్రవైద్యుడు నెవిల్ డేవిస్ ప్రభృతులు క్వీన్స్‌లాండు మెలనోమా ప్రణాళికను ప్రారంభించి, మారుచున్న మచ్చను వెంటనే చూపించుకొనుడని వైద్యులకే గాక సామాన్య జనులకును బోధించిరి. జనులు త్వరగా వచ్చిరి. కోసితీసిన గడ్డలు పలుచగా నుండెను. బ్రతికి బట్టకట్టినవారి పాలు ఇతర దేశములకంటె మెరుగయ్యెను. పలుచదనమునకు గల విలువను 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో కొలిచి చూపెను. గడ్డ చర్మములోనికి ఎంత లోతు దిగినదో సూక్ష్మదర్శినిలోని కొలబద్దతో మిల్లీమీటర్లలో లెక్కించి, 0.76 మిల్లీమీటరుకంటె పలుచని గడ్డలు గల తన రోగులలో అయిదేండ్ల వరకు వ్యాధి తిరుగబెట్టలేదని ఆయన తెలిపెను. ఆవగింజంతయు లేని యీ మందము మనిషి యాయుష్షును నిర్ణయించుచుండగా, ఆ మచ్చ సంగతి మనిషికే చెప్పరాదను నీతి నిలువజాలదు.

తరువాతి మెట్లు త్వరత్వరగా పడినవి. ఓకెన్ ప్రశ్నలనే మరల వేసి 1979లో ప్రకటించిన పరిశోధనలో, నూటికి 97 మంది అమెరికా వైద్యులు రోగికి చెప్పుదుమనిరి. దీనికి కొత్త మందులు, రోగి హక్కుల చైతన్యము మున్నగు కారణములు పెక్కు కలవు. 1981లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు క్యాన్సరు నివారణ సంఘము, ఎండ తాకకుండ చొక్కా తొడుగుడు, లేపనము పూయుడు, టోపీ పెట్టుడని సముద్రపక్షి బొమ్మచేత పాడించెను. 1985లో న్యూయార్కు వైద్యులు మచ్చ రెండు సగములు పొసగకుండుట, అంచు వంకరలు పోవుట, రంగులు కలగలియుట, వ్యాసము 6 మిల్లీమీటర్లు మించుట యను నాలుగు లక్షణములను ఎ, బి, సి, డి యని పసిపిల్లలకు సైతము పట్టుబడునట్లు కూర్చిరి. కాలక్రమమున మారుట యను అయిదవ లక్షణము పిమ్మట చేరినది. అక్షరములు నేర్చిన ప్రతి యింటివాడును ఇంటియాలును ఇట్లు పరీక్షకులైరి.

మన మేనిఛాయ మనకు గొప్ప రక్షయే. తెలుగువారికి ఈ వ్యాధి అరుదు. అయినను అరుదనుట లేదనుట కాదు. నల్లని చర్మము గలవారికి అది వచ్చినపుడు తరచుగా అరికాలిలోను, అరచేతిలోను, గోటిక్రిందను పుట్టును. గోటి చుట్టుప్రక్కలకు ప్రాకు నలుపును 19వ శతాబ్దమునందే జొనాథన్ హచిన్సన్ వర్ణించియుండెను. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలిబొటనవ్రేలి గోటిక్రింద 1977లో బయటపడినది ఇదియే, 1981లో ఆయన ప్రాణము గొనినదియు ఇదియే. మనవారు పుట్టుమచ్చలను శ్రద్ధగా చూడనివారు కారు: పెదవిమీది మచ్చకు ఫలమేమో, భుజముమీది మచ్చకు యోగమేమో చెప్పు శాస్త్రము మనకు కలదు, పదవతరగతి సర్టిఫికెట్టుమీద గుర్తింపు చిహ్నములుగా వానినే వ్రాయించుకొందుము. ఆ శ్రద్ధ అరికాలివరకు దిగినచో చాలును.

అనుమానపు మచ్చను కోసి, ఫార్మలిన్‌లో నుంచి, ల్యాబుకు పంపిన తరువాత ఫలితము వచ్చులోపల గడచు దినములకు చరిత్రలో ప్రత్యేకముగా నొక అధ్యాయము లేదు. కాని దంపతులకు అదియే అసలు అధ్యాయము. తునుకను మైనములో పోతపోసి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది చూచుటకు కాలము పట్టును. ఏ ప్రేమయు దానిని తొందరపెట్టజాలదు. ఈ వ్యవధిలో "ఏమియు కాదులే" యనుట పెర్సివల్ కాలపు దాపరికమునకు చిన్నచెల్లెలు; ముందుగనే విలపించుట రాని మరణమునకు కర్మ చేయుట. రెంటికిని నడుమ నొక మార్గము కలదు: తెలియనిది తెలియదని ఇరువురును ఒప్పుకొనుట, వైద్యునివద్దకు కలిసి పోవుట, భయమున రోగి చెవి కెక్కని మాటలను ప్రక్కనున్నవారు వ్రాసికొనుట, మందమెన్ని మిల్లీమీటర్లని యడుగుట. 1907లో శస్త్రవైద్యుడు హేండ్లీ ఒకే ఒక రోగి మృతదేహమును ఆధారము చేసికొని నిర్దేశించిన విశాలచ్ఛేదనము, చుట్టును దాదాపు అయిదు సెంటీమీటర్ల చర్మమును బలిగొనుచు ఎన్నో దశాబ్దములు సాగెను. నేడు ఒకటి రెండు సెంటీమీటర్లు చాలునందురు. వ్యాపించిన వ్యాధికి సైతము 2011 తరువాత వచ్చిన రోగనిరోధక చికిత్సలు ఆయువు పోయుచున్నవి. అడిగి తెలిసికొనినవారికి భయముతో పాటు ఈ లెక్కలును చేతికి వచ్చును.

ఈ తోడు వట్టి సానుభూతి మాత్రమే కాదనుటకు చికాగోలో జూన్ రాబిన్సన్ బృందము 2016లో ప్రకటించిన పరిశోధన తార్కాణము: ఒకసారి మెలనోమా సోకినవారికిని వారి జీవిత సహచరులకును మచ్చలు చూచు విధానమును కలిపి నేర్పగా, నేర్వని జంటలకంటె నేర్చిన జంటలు చర్మమును తరచుగా పరీక్షించుకొని, క్రొత్త మెలనోమాలను తొలిదశలోనే కనిపెట్టిరి. ఒకమారు వచ్చినవారికి మరొకటి వచ్చు నవకాశ మెక్కువ గనుక ఈ పని నివేదిక వచ్చిననాటితో తీరునది కాదు. పెర్సివల్ ఆప్తునకు రహస్యమును అప్పగించెను. నేటి వైద్యము అతనికి పరీక్షను అప్పగించుచున్నది. రెంటిలో రెండవదియే కష్టతరము, ఏలయన దాచువానికి ధైర్యము నటించినను చాలును. చూచువాడు కనబడినదానిని కనబడినట్లు, ఆ దేహము గలవారికే, చెప్పవలసియుండును.