బొగ్గుగని, గణితపు గని: ఒక గణిత సాఫ్ట్‌వేరు సంస్థ చరిత్ర

ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలము అడవులు మొదలగు అంచున ఇల్లెందు పట్టణమున్నది. ఆ ప్రాంతమున రాక్షసిబొగ్గు ఉన్నదని 1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన డాక్టర్ కింగ్ కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు సంపాదించినది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ రిజిస్టరు అయినది. బొగ్గు జాడ తీసినది ప్రభుత్వ శాఖ. త్రవ్వి అమ్మినది కంపెనీ.

బొగ్గు వలెనే గణితమును కూడ త్రవ్వి అమ్మవచ్చునా? అమ్మవచ్చునని నిరూపించిన సంస్థలలో ముఖ్యమైనది అమెరికాలోని మాథ్‌వర్క్స్. అది తయారు చేయు మాట్‌లాబ్ అను సాఫ్ట్‌వేరును ప్రపంచమంతట ఇంజనీర్లు వాడుచున్నారు. ఈ సంస్థ చరిత్ర కూడ ప్రజాధనముతో వెలికి వచ్చిన సంపదతోనే ఆరంభమగుచున్నది.

సమీకరణముల భారము

భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇత్తురు. 1986 ఆగస్టులో వరద 75.6 అడుగులకు చేరినది. 2022 జులైలో 71 అడుగులు దాటినది. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి, తాలిపేరు గోదావరిలో కలియుచున్నవి. ఒక్కొక్క నదిలో పెరిగిన నీరు భద్రాచలపు మట్టమును ఎంత పెంచునో తెలియదనుకొందము. వెనుకటి వరదల లెక్కలు తీసికొని ఒక్కొక్క వరదకు ఒక్కొక్క సమీకరణము వ్రాయవచ్చును. నదులు మూడు గనుక తెలియని రాశులు మూడు.

ఇట్టి రేఖీయ సమీకరణములను ఉన్నత పాఠశాల విద్యార్థులు ఒక్కొక్క రాశిని తొలగించుచు సాధింతురు. రెండు రాశులున్నచో ఈ పద్ధతిలో 6 గుణకార భాగహారములు చాలును. మూడింటికి 17, పదింటికి 430, నూరింటికి 3,43,300 కావలెను. రాశుల సంఖ్య పది రెట్లయినచో శ్రమ సుమారు వేయి రెట్లగుచున్నదన్న మాట. ఈ సమీకరణముల గుణకములను అడ్డువరుసలు, నిలువువరుసలుగా పేర్చిన పట్టికకే మాత్రిక అని పేరు.

కంప్యూటరు వచ్చినంత మాత్రమున కష్టము తీరలేదు. యంత్రము ప్రతి సంఖ్యలోను కొన్ని అంకెలనే ఉంచుకొని మిగిలినవి వదలివేయును. మిక్కిలి చిన్న సంఖ్యతో భాగించినచో ఈ చిల్లర దోషములు పెరిగి పెరిగి సమాధానమునే మింగివేయగలవు. కావున ఏ అడ్డువరుసను ముందు ఉంచవలెను, దోషము ఎంతవరకు పెరుగగలదు అను ప్రశ్నలపై లోతైన పరిశోధన అవసరమైనది. ఇంగ్లండులోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసిన జేమ్స్ విల్కిన్సన్ ఈ విషయమున మార్గదర్శి. 1971లో అతడును రైన్ష్ అను శాస్త్రజ్ఞుడును కలిసి మాత్రికల లెక్కలకు నమ్మదగిన పద్ధతుల నొక గ్రంథముగా ప్రకటించినారు.

ప్రజాధనముతో పుట్టిన ప్రోగ్రాములు

ఆ గ్రంథములోని పద్ధతులను ఫోర్ట్రాన్ భాషలోనికి మార్చి, అనేక యంత్రములపై పరీక్షించు పనిని అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల చేపట్టినది. ఇందుకు ప్రభుత్వ ధనము లభించినది. ఫలితముగా వెలువడిన ప్రోగ్రాముల సంపుటి పేరు ఐస్‌పాక్. తరువాత రేఖీయ సమీకరణముల కొరకు లిన్‌పాక్ తయారై, 1979లో దాని మార్గదర్శిని వెలువడినది. దీని నలుగురు రచయితలలో ఒకడు క్లీవ్ మోలర్. ఈ రెండు సంపుటులు ఎవరైనను ఉచితముగ వాడుకొనదగినవి.

మోలర్ అప్పుడు న్యూ మెక్సికో విశ్వవిద్యాలయములో గణితము బోధించుచుండెను. ఈ ప్రోగ్రాములను తన విద్యార్థులచే వాడింపవలెనని అతని కోరిక. కాని చిన్న లెక్కకైనను విద్యార్థి ఫోర్ట్రాన్‌లో ప్రోగ్రాము వ్రాసి, యంత్రమునకు ఇచ్చి, ఫలితము కొరకు వేచియుండవలసి వచ్చెడిది. లెక్కలోని సారము కంటె యంత్రపు తతంగమే ఎక్కువయ్యెడిది. ఈ చిక్కు తీర్చుటకై 1970 దశాబ్దము చివర మోలర్ తానే ఒక ప్రోగ్రాము వ్రాసినాడు. విద్యార్థి మాత్రికను టైపు చేసి, ఒక్క పంక్తిలో ఆజ్ఞ ఇచ్చినచో సమాధానము తెరపై కనబడును. మాత్రికల ప్రయోగశాల అను అర్థము వచ్చునట్లు దానికి మాట్‌లాబ్ అని పేరు పెట్టినాడు. అడిగినవారికి అయస్కాంతపు టేపుపై ఉచితముగ ఇచ్చెడివాడు. తరగతి గదిలో ఒక ఉపాధ్యాయునికి కలిగిన ఇబ్బందియే ఈ సాధనమునకు మూలము.

సంస్థ పుట్టుక

1979-80లో మోలర్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళి పాఠములు చెప్పినాడు. అచ్చటి ఇంజనీరింగు విద్యార్థులకు మాట్‌లాబ్ ఎంతో ఉపయోగపడినది. యంత్రములను అదుపులో నుంచు నియంత్రణ శాస్త్రమంతయు మాత్రికలమయము. త్వరలోనే ఆ ప్రాంతపు కంపెనీలు మాట్‌లాబ్ ఆధారముగా కంట్రోల్-సి, మాట్రిక్స్-ఎక్స్ అను సాఫ్ట్‌వేరులు చేసి అమ్మసాగినవి.

జాక్ లిటిల్ అను యువ ఇంజనీరు మాట్‌లాబ్‌ను మరియొక దృష్టితో చూచినాడు. 1981లో ఐ.బి.యం. కంపెనీ చిన్న కంప్యూటరును మార్కెట్టులోనికి తెచ్చినది. పెద్ద యంత్రములపై నడచు ఈ గణితము బల్లమీది యంత్రముపై కూడ నడువగలదని లిటిల్ నమ్మినాడు. ఉద్యోగము మాని, ఒక కాంపాక్ యంత్రమును కొని, స్టాన్‌ఫర్డ్ వెనుక కొండలలో కాపురముండి పనికి పూనుకొన్నాడు. ఆ యంత్రపు స్మృతి 256 కిలోబైట్లు మాత్రమే. మిత్రుడు స్టీవ్ బాంగర్ట్ తీరిక వేళలలో తోడ్పడినాడు. మోలర్ అంగీకారముతో ప్రోగ్రామునంతటిని సి భాషలో తిరిగి వ్రాసినారు. ఇందుకు సుమారు ఏడాదిన్నర పట్టినది.

1984 డిసెంబరు 7న కాలిఫోర్నియాలో మాథ్‌వర్క్స్ రిజిస్టరు అయినది. 1985లో మాసచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన గణితజ్ఞుడు నిక్ ట్రెఫెతెన్ పది ప్రతులు కొన్నాడు. అదియే తొలి అమ్మకము. వెల 500 డాలర్లు. సంస్థ తరువాత మాసచుసెట్స్ రాష్ట్రమునకు తరలినది. నియంత్రణ శాస్త్రమునకు, సంకేతముల విశ్లేషణకు ప్రత్యేకమైన పనిముట్ల పెట్టెలను అది వరుసగా వెలువరించినది. 1989లో మోలర్ పూర్తికాలము సంస్థలో చేరినాడు. మాథ్‌వర్క్స్ తన వాటాలను బజారులో ఎన్నడును అమ్మలేదు. హైదరాబాదులో కూడ దానికి కార్యాలయమున్నది.

పోటీయు న్యాయస్థానమును

2001లో మాథ్‌వర్క్స్ తన పోటీదారైన మాట్రిక్స్-ఎక్స్ అమ్మకపు హక్కులను విండ్ రివర్ అను కంపెనీ నుండి పొందినది. ఇది పోటీని చంపుటయేనని అమెరికా న్యాయశాఖ 2002లో వ్యాజ్యము వేసినది. తుదకు 2003లో మాట్రిక్స్-ఎక్స్ నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ చేతికి వెళ్ళినది. ఒక ఉపాధ్యాయుడు ఉచితముగ పంచిన ప్రోగ్రాము నుండి పుట్టిన రెండు తోబుట్టువుల తగవు న్యాయస్థానమునకు ఎక్కినదన్న మాట!

అయినచో సంస్థ చేసినది అన్యాయమా? అట్లనరాదు. ప్రయోగశాల ప్రోగ్రామును సామాన్య ఇంజనీరు వాడగల పనిముట్టుగా మలచుటకు, దోషములు సరిదిద్దుటకు, పుస్తకములు వ్రాయుటకు ఏళ్ళ శ్రమ కావలెను. అందుకు వెల ఉన్నది. కాని సంస్థ నీళ్ళు తోడుకొనిన బావి మాత్రము అందరిది. 1992లో మరల ప్రజాధనముతోనే లాపాక్ అను మెరుగైన సంపుటి వెలువడినది. 2000లో మాట్‌లాబ్ కూడ దానినే తన పునాదిగా గ్రహించినది.

ఊరే చెలమ

బొగ్గుకును గణితమునకును గల భేదము ఇచ్చటనే తెలియును. ఇల్లెందులో త్రవ్విన బొగ్గు ఒకసారి కాలినచో తిరిగి రాదు. గణిత పద్ధతి గోదావరి ఇసుకలో తీసిన చెలమ వంటిది. ఒకరు తోడుకొనినందున మరియొకరికి కొరత రాదు. ఆ చెలమ నుండియే ఉచిత సాధనములును పుట్టినవి. జాన్ ఈటన్ 1992లో ఆరంభించిన ఆక్టేవ్ చాలవరకు మాట్‌లాబ్ భాషనే అర్థము చేసికొనును. ఫ్రాన్సులో పుట్టిన సైలాబ్‌ను మన దేశములో బొంబాయి ఐ.ఐ.టి. ప్రచారము చేయుచున్నది.

కావున అడవి అంచున ఉన్న పాఠశాలలో ఒక్క పాత కంప్యూటరున్నను చాలును. విద్యార్థులు ముందుగా మూడు రాశుల లెక్కను పలకపై సాధించి, 17 గుణకార భాగహారములను తామే లెక్కించవలెను. పిమ్మట అదే మాత్రికను ఆక్టేవ్‌కు ఇచ్చి సమాధానములు సరిపోల్చవలెను. సరిపోలని చోట దోషమెక్కడ ఉన్నదో ఉపాధ్యాయుడు వెదకించవలెను. వరదల లెక్కలు వ్రాయబడియే ఉన్నవి. వాటిని చదువగల పిల్లలు ఆ గోదావరి ఒడ్డుననే తయారు కావలెను.